ఓరుగల్లు నేల చదవడం నేర్పాలి: డ్రోన్ శిక్షణ, పూర్వీకుల చరిత్ర

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 2023 జులై 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో వీచిన సుడిగాలి వేలాది చెట్లను వేళ్లతో సహా పెకిలించింది. అదే ఏడాది డిసెంబరు 4 ఉదయం 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ భూకంప కేంద్రం కూడా ములుగు ప్రాంతంలోనే నమోదైంది. పదిహేడు నెలలు తిరగకముందే ఒకే జిల్లా మూడు ఉత్పాతాలను చూసింది. ప్రతిసారీ అందరూ ముందుగా అడిగింది పాలంపేటలోని రామప్ప ఆలయం గురించే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని బాగోగులు చూడటానికి కేంద్ర పురావస్తు శాఖ ఉంది, ఇంజనీర్లు ఉన్నారు, ఏ రాయి ఎక్కడ ఉండాలో చెప్పే పాత ఫొటోలు, కొలతలు ఉన్నాయి.

అదే వాన, అదే గాలి, అదే ప్రకంపన చుట్టుపక్కల ఊళ్ల చెరువు కట్టల మీద, అడవిలోని సమాధుల మీద, శిథిలమైన మట్టికోటల మీద, పొలం గట్ల పక్కన ఒరిగి ఉన్న వీరగల్లుల (వీరుల స్మారక శిలల) మీద ఏ ప్రభావం చూపాయో చెప్పడానికి మాత్రం చాలా చోట్ల ఆధారమే లేదు. ఏదైనా చెడిపోయిందని తేల్చాలంటే అంతకుముందు అది ఎలా ఉండేదో నమోదై ఉండాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లోని చారిత్రక స్థలాల్లో ఎక్కువ భాగానికి ఆ నమోదు లేదు. డ్రోన్‌తో చరిత్రను భద్రపరచడంలో యువతకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచనకు ఇక్కడ ఇంత ప్రాధాన్యం ఉండటానికి మూలకారణం ఈ లోటే. అయితే అటువంటి శిక్షణలో డ్రోన్ నడపడం చిన్న భాగం. కింద కనిపించే నేలను చదవడం, చదివినదానిని ఊరి పెద్దల మాటతో సరిచూడటం, ఆ రెండింటినీ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చేవారికి అర్థమయ్యేలా రాసిపెట్టడం పెద్ద భాగం. ఈ రెండో భాగాన్ని వదిలేసిన శిక్షణ నుంచి అందమైన వీడియోలు వస్తాయి తప్ప చరిత్ర రాదు.

పూర్వీకులు ఎక్కడ ఉన్నారు

ఈ ప్రాంతంలో పూర్వీకుల చరిత్ర గుళ్లలో ఉన్నంతగా చెరువు కట్టల మీద కూడా ఉంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన చెరువు శాసనం ఇందుకు గొప్ప ఉదాహరణ. కాకతీయుల తొలి తరాల వంశక్రమాన్ని, వెన్న నృపుడి నుంచి వరుసగా, చెప్పే శాసనాల్లో అది ముఖ్యమైనది. ఒక రాజవంశం తన తాతముత్తాతల పేర్లను తవ్వించిన చెరువు దగ్గరి రాతి మీద చెక్కించుకుంది. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం వంటి పెద్ద జలాశయాల పేర్లు అందరికీ తెలిసినవే కాని, వాటి చుట్టూ అల్లుకున్న గొలుసుకట్టు చెరువులు, కుంటలు, వాటి తూములు, మత్తళ్లు, కాలువలు కూడా అదే కాలపు, అదే మేధస్సు పనులు. 2015లో మొదలైన రాష్ట్ర చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు. ఈ నేలలో చెరువు ఎంత విస్తారమైన వారసత్వమో ఆ ఒక్క అంకె చెబుతుంది.

చెరువులకంటే ఎంతో వెనకటి కాలానికి చెందినవి రాకాసి గుళ్లు. తాడ్వాయి మండలం దామరవాయి అడవిలో బండలను నిలబెట్టి, పైన పెద్ద రాతి పలకను కప్పి కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు వందకు పైగా ఉన్నాయి. అంతటి రాళ్లను మనుషులు ఎత్తలేరని నమ్మిన తరాలు వాటికి ఆ పేరు పెట్టాయి. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలో రాతి చిత్రాలు ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం ఉన్నాయి. ఇవన్నీ ఎంతో కొంత పేరున్నవి. పేరు లేనివి పాటిగడ్డలు. ఒకప్పుడు ఊరు ఉండి, కరువుకో, మహమ్మారికో, యుద్ధానికో పాడుబడిపోగా మిగిలిన దిబ్బలు ఇవి. పెంకులు, బూడిద, ఎముకల ముక్కలు కలిసిన ఆ మన్ను పంటకు బలమని రైతులు తరతరాలుగా బండ్లకెత్తి పొలాలకు తోలారు. ఇప్పుడు ఆ పని జేసీబీ చేస్తోంది. బండి తోలిన కాలంలో వందేళ్లకు కరిగే దిబ్బ ఒక్క వేసవిలో మాయమవుతోంది.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట ఇంకో తరహా ముప్పును చూపిస్తుంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి బండ మీద వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా దక్కడానికి చూపిన ఆధారాల్లో ఆ శాసనానికి స్థానం ఉంది. అటువంటి గుట్టకు కూడా గ్రానైట్ క్వారీల బెడద తప్పలేదు. గుట్ట మొత్తం కొలతలతో నమోదై ఉంటే, ఏ ఏడాది క్వారీ అంచు ఎన్ని మీటర్లు దగ్గరికి జరిగిందో అంకెల్లో చూపవచ్చు. ఫిర్యాదుకు, కోర్టు కేసుకు అవసరమయ్యేది అటువంటి అంకె.

పైనుంచి చూస్తే తెలిసేది ఏమిటి

డ్రోన్ తీసే ఒక్కో ఫొటోకు విడిగా పెద్ద విలువ లేదు. ఒకదాని మీద ఒకటి 75, 80 శాతం కప్పుకునేలా వరుసగా తీసిన వందల ఫొటోలను కంప్యూటర్ పోల్చి, ఒకే రాయి వేర్వేరు కోణాల నుంచి ఎలా కనిపించిందో లెక్కగట్టి, ఆ రాయి ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో తేలుస్తుంది. ఈ పద్ధతిని ఫొటోగ్రామెట్రీ అంటారు. దాని నుంచి రెండు ప్రధాన ఫలితాలు వస్తాయి. మొదటిది, వంపులు, వక్రతలు సవరించిన ఆర్థోమొజాయిక్ అనే నిలువు చిత్రం. దాని మీద స్కేలు పెట్టి దూరాలు కొలవవచ్చు. రెండోది, నేల ఎత్తుపల్లాల నమూనా. చరిత్ర పనికి ఈ రెండోదే ఎక్కువ విలువైనది. నడిచే మనిషి కాలికి తెలియని అరమీటరు ఎత్తు తేడా కూడా అందులో గీతలా బయటపడుతుంది.

ఓరుగల్లు కోట విషయంలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన 45 బురుజుల రాతికోట సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో వలయంగా ఉంటుంది. దాని బయట అగడ్త, ఆ తర్వాత దాదాపు రెట్టింపు వ్యాసంతో మట్టికోట, ఇంకా దూరంగా నగరమంతటినీ చుట్టి వచ్చే మరో మట్టిగోడ ఉండేవి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనలను ఎదుర్కొన్నదీ, 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ముట్టడిని చూసినదీ ఈ వలయాలే. కీర్తి తోరణాల దగ్గర నిలబడినవారికి ఈ వలయ నిర్మాణం అర్థం కాదు. ఇళ్లు, రోడ్లు, పొలాలు మట్టిగోడను ముక్కలు చేశాయి. నిలువు చిత్రంలో, ఎత్తుల నమూనాలో ఆ ముక్కలు మళ్లీ ఒకే వలయంగా కలుస్తాయి. రాతికోట లోపలి వైశాల్యం సుమారు ఒక చదరపు కిలోమీటరు. దాన్ని 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే వెయ్యికి పైగా ఫొటోలు, దాదాపు 10 గిగాబైట్ల సమాచారం, మూడు నాలుగు బ్యాటరీల పని అవుతుంది. చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద సుమారు మూడు సెంటీమీటర్లకు సమానమవుతుంది. అనుభవం ఉన్న ఇద్దరు ఒక ఉదయంలో ముగించగల పని ఇది.

కాని ఆ ఉదయానికి ముందు చేయవలసిన పని ఉంది. సాధారణ డ్రోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్ల వరకు తప్పు చూపగలదు. ఆ తప్పుతోనే ఈ ఏడాది ఒకసారి, వచ్చే ఏడాది మరోసారి సర్వే చేస్తే, గోడ కదిలిందా, జీపీఎస్ కదిలిందా అన్నది తేలదు. అందుకే నేల మీద స్పష్టంగా కనిపించే గుర్తులు పెట్టి, వాటి స్థానాన్ని కచ్చితమైన పరికరంతో కొలిచి, ఫొటోలను ఆ గుర్తులకు కట్టాలి. అప్పుడు తేడా కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఈ నియంత్రణ బిందువుల పనికి మెరుపు లేదు. ఎండలో సుత్తి, మేకులు, సున్నం పట్టుకొని తిరగాలి. శిక్షణల్లో ముందుగా కోతపడేది ఇదే, తర్వాత పదేళ్లకు కూడా నిలిచే విలువను ఇచ్చేదీ ఇదే. వరదకు ముందు, వరదకు తర్వాత అని పోల్చాలంటే ఈ గుర్తులు లేకుండా కుదరదు.

ఎప్పుడు ఎగరేయాలన్నది కూడా చదువులో భాగమే. చెరువు శిఖం, అంటే నీరు నిలిచే అడుగు నేల, మే నెలలో ఎండినప్పుడు పాత కట్టల ఆనవాళ్లు, పూడిపోయిన తూములు, మునిగిన ఊరి పునాదులు బయటపడతాయి. ఎల్లంపల్లి జలాశయపు నీటి అంచున ఉన్న కోటిలింగాల వంటి చోట నీటిమట్టం తగ్గిన వారాలే దొరికే అవకాశం. పాటిగడ్డలు, మట్టిగోడల కోసం సూర్యుడు వాలుగా ఉండే పొద్దున, సాయంత్రం వేళలు మంచివి, ఎందుకంటే చిన్న మెరకలు కూడా పొడవైన నీడలు వేస్తాయి. నేలలో గోడ దాగి ఉన్నచోట మన్ను పలుచన కాబట్టి పైరు ముందుగా వాడుతుంది. పూడిన అగడ్త మీద తేమ నిలిచి గడ్డి ఆలస్యంగా ఎండుతుంది. ఈ రంగుల తేడా యాసంగి చివర్లో కొన్ని రోజులే కనిపించి పోతుంది. దామరవాయి వంటి ఆకురాల్చే అడవుల్లో టేకు ఆకు రాలిన తర్వాత, కొత్త చిగురు కమ్ముకోకముందు ఉండే కొద్ది వ్యవధి తప్ప మామూలు కెమెరా సమాధులను చూడలేదు. ఆకుల సందుల్లోంచి నేలను తాకే లేజర్ కిరణాలతో పనిచేసే లైడార్ ఈ ఇబ్బందిని దాటగలదు కాని, దాని ధర ఊరి బృందాలకు అందనిది.

డ్రోన్ చేయలేనివి కూడా మొదటి రోజే చెప్పాలి. రామప్ప స్తంభాలు కొద్ది మిల్లీమీటర్లు ఒరిగాయా అన్నదానికి జవాబు లేజర్ స్కానర్, టోటల్ స్టేషన్ వంటి పరికరాలు ఇస్తాయి. బయ్యారం శాసనం వంటి రాతను చదవడానికి నేల మీద కూర్చుని, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా చేసి, దగ్గరగా తీసిన ఫొటోలు కావాలి. రాతి మీద అక్షరం నీడతో తేలుతుంది, నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు పైనుంచి చూస్తే అరిగిన రాయిగానే కనిపిస్తుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, 2024 మార్చిలో తిరిగి తెరిచేవరకు సాగిన సుదీర్ఘమైన పనిలో రాళ్లకు వేసిన అంకెలు, గీసిన పటాలే ఆధారం. ప్రతి రాయినీ ఓపికగా లెక్కపెట్టే ఆ స్వభావం అలవడితే డ్రోన్ ఫొటో కూడా ఆధారం అవుతుంది.

శిక్షణలో ఏం ఉండాలి

ఎగరేయడం చాలామంది యువకులకు కొత్త కాదు. వరంగల్, కరీంనగర్, జనగామ పరిసరాల్లో పెళ్లి ఊరేగింపులనూ, బోనాలనూ, జాతరలనూ డ్రోన్ లేకుండా తీయడం అరుదైపోయింది. రిమోట్ పట్టుకున్న ఆ చేతులకు నైపుణ్యం ఉంది, ధైర్యం ఉంది, పరికరాన్ని బాగుచేసుకునే తెలివి ఉంది. పెళ్లి వీడియోకు కావలసింది కదలిక, అందం. సర్వేకు కావలసింది ఒకే ఎత్తు, ఒకే వేగం, గీత గీసినట్టు వరుసలు, ఒకదాని మీద ఒకటి కప్పుకునే చిత్రాలు. ఈ మార్పు అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టవు. ఫొటోలను కలిపి నమూనా తయారుచేసే వెబ్‌ఓడీఎం, పటాలు గీసే క్యూజీఐఎస్ రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు కాబట్టి, కాస్త శక్తిగల కంప్యూటర్ ఒకటి ఉంటే జూనియర్ కాలేజీ గదిలో కూడా ఆ పని సాగుతుంది.

అసలు శ్రమ ఆ తర్వాత మొదలవుతుంది. ఒక గొలుసుకట్టు చెరువుల వరుసను తీసుకుంటే, పై చెరువు మత్తడి పారినప్పుడు నీరు ఏ వాగులో పడి ఏ కుంటకు చేరుతుందో ఎత్తుల నమూనా చూపిస్తుంది. ఆ వాగు పేరు, తూముల పేర్లు, ఏ తూము కింద ఎవరి తరి భూములు ఉండేవి, కట్ట తెగిన ఏడాది ఏ దిక్కున తెగింది, కట్ట మీద మైసమ్మ ఎప్పటి నుంచి ఉంది అన్న వాటిలో ఒక్కటీ ఆ నమూనాలో కనిపించదు. అవి చెరువు నీటిని పొలాలకు పంచే నీరడి కుటుంబాల్లో ఉన్నాయి, చేపలు పట్టే ముదిరాజ్, బెస్త కుటుంబాల్లో ఉన్నాయి, నాట్లకు వెళ్లిన ఆడవాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. కాలువలకు, బోర్లకు అలవాటుపడిన తరానికి నీరడి ఎవరో తెలియదు. ఆ పని చేసిన చివరి తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. అందువల్ల శిక్షణలో ప్రతి నిలువు చిత్రాన్నీ పెద్ద కాగితం మీద అచ్చువేసి, ఊరి రచ్చకట్ట దగ్గర పరచి, పెద్దవారి చేత వేలు పెట్టి చూపించుకుంటూ పేర్లు రాసుకునే రోజులు తప్పనిసరిగా ఉండాలి. ఫోన్ తెరమీద చూపిస్తే చాలామంది పెద్దలు మొహమాటానికి అవునంటారు. మంచమంత కాగితం మీద తమ చెలక కనిపించగానే వారే మాట అందుకుంటారు.

చెప్పిన మాటను ఎలా రాయాలన్నది కూడా నేర్పవలసిన విద్యే. ఎవరు చెప్పారు, తాము చూసింది చెప్పారా, విన్నది చెప్పారా, ఇద్దరి మాటల మధ్య తేడా ఉంటే ఆ రెండూ ఏమిటి అన్నవి విడివిడిగా రాయాలి. ఊళ్లో ప్రతి పాత కట్టడాన్నీ కాకతీయుల కాలానిదనడం మనకు అలవాటు. నిజానికి అందులో కొన్ని చాళుక్యుల నాటివి, కొన్ని కుతుబ్‌షాహీల కాలానివి, కొన్ని నిజాం పాలనలో దొరలు కట్టుకున్న గడులు. చెప్పినవారి నమ్మకాన్ని గౌరవిస్తూనే, రాతి పనితనం, ఇటుక కొలత, శాసనం లిపి ఏం చెబుతున్నాయో పక్కన రాసే క్రమశిక్షణ ఉంటేనే ఆ పుస్తకం పరిశోధకుడికి పనికొస్తుంది. 1976 నుంచి ఉన్న కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర, తెలుగు విభాగాలు, సర్వే కొలతల చదువున్న వరంగల్ ఎన్‌ఐటీ ఒకే ఊళ్లో ఉండటం పెద్ద అనుకూలత. ఒకరు లిపి నేర్పితే మరొకరు కొలత నేర్పగలరు.

పాత చిత్రాలతో పోల్చడం ఇంకో ముఖ్యమైన పాఠం. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యాజ్దానీకి అప్పగించిన తర్వాత పాలంపేట వంటి చోట్ల తీసిన ఫొటోలు ఉన్నాయి. 1960 నుంచి 1972 వరకు అమెరికా కరోనా గూఢచార ఉపగ్రహాలు తీసిన చిత్రాలు 1995లో రహస్య జాబితా నుంచి బయటికి వచ్చాయి. పెద్ద ప్రాజెక్టులు, కాలనీలు, క్వారీలు రాకముందటి నేల వాటిలో ఉంది. నేటి డ్రోన్ చిత్రాన్ని వాటి మీద పరిస్తే, అరవై ఏళ్లలో ఏ కుంట ప్లాట్లయిందో, మట్టికోట ఏ వైపు నుంచి తరిగిందో ఇంటర్ విద్యార్థి కూడా చూపగలడు.

చట్టం గీసిన హద్దులు

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం రిమోట్ పైలట్ ధ్రువపత్రానికి పదో తరగతి చదువు, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, అనుమతి పొందిన సంస్థలో శిక్షణ కావాలి. ఆ శిక్షణ దాదాపు వారం రోజుల్లో ముగుస్తుంది. హైదరాబాద్‌లోని రాష్ట్ర విమానయాన అకాడమీ కూడా దాన్ని ఇస్తోంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు, వ్యాపారేతర అవసరానికి వాడే రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్లకు ఈ ధ్రువపత్రం అక్కర్లేదు. ప్రభుత్వ గగనతల పటంలో ఆంక్షలు లేనిదిగా చూపిన ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, అంటే సుమారు 120 మీటర్ల వరకు, ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. పదో తరగతి లోపు పిల్లలను ఈ పని నుంచి దూరంగా ఉంచాల్సిన అవసరం లేదు. నియంత్రణ బిందువులు పెట్టడం, పెద్దల మాట రాసుకోవడం, పటంలో పేర్లు ఎక్కించడం వారు చేయగల పనులు, బహుశా వారే బాగా చేయగల పనులు.

అయితే గాలికి సంబంధించిన అనుమతి ఒకటి, నేలకు సంబంధించిన అనుమతి మరొకటి. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షణ పొందిన రామప్ప, ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి వంటి చోట్ల పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. రాష్ట్ర రక్షిత స్థలాలకు 2017 తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో అటవీ శాఖను అడగాలి. వరంగల్ వారికి మరో తొందర కూడా ఉంది. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పనిచేయడం మొదలైన రోజు నుంచి ఎనిమిది కిలోమీటర్ల నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగుల పైన, అంతకంటే దగ్గరలో ఏ ఎత్తులోనైనా, విమాన నియంత్రణ కేంద్రం అనుమతి అవసరమవుతుంది. ఓరుగల్లు కోట, దాని మట్టిగోడల శేషాలు ఆ పరిధిలోకే వస్తాయి. మొత్తం వలయాన్ని సులువుగా చిత్రించుకోవడానికి మిగిలిన కాలం ఇదే.

ఎగరేయకూడని చోటు, చూపించకూడని చిత్రం

మేడారం జాతర రద్దీని అదుపుచేయడానికి పోలీసులు డ్రోన్లు వాడుతున్నారు. దాన్ని చూసి, సమ్మక్క కొలువున్న చిలుకలగుట్ట మీద కూడా ఎగరేయవచ్చని ఎవరైనా అనుకుంటే అది తప్పు. ఆ గుట్ట ఎక్కే అధికారం కోయ పూజారులది. కాలితో ఎక్కకూడని చోటును కెమెరాతో ఎక్కడం కూడా ఎక్కడమే. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి హస్తినమడుగుకు వెళ్లి పవిత్ర జలం తెస్తారు. వారు నడిచే దారి, ఆగే చెట్లు, దాటే వాగులు కలిపి చూస్తే అది ఒక వంశం తన చరిత్రను ఏటా కాళ్లతో తిరగరాసే పటం. ఆ పటాన్ని గీయాలా వద్దా, గీస్తే ఎవరి దగ్గర ఉండాలి అన్నది మెస్రం వంశపు పెద్దలు నిర్ణయించాలి. గీసే చేతులు వారి పిల్లలవే అయితే ఇంకా మంచిది. దక్షిణ అమెరికాలోని గయానాలో వాపిచాన్ తెగ వారు 2014లో తామే డ్రోన్ కూర్చుకొని తమ అడవుల నరికివేతను చిత్రించారు. ఆ చిత్రాలు వారి చేతిలో ఉన్నాయి కాబట్టే వారి వాదనకు బలమయ్యాయి.

కోయల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వారి గట్టుల (గోత్రాల) చరిత్రను డోలీలు అనే వంశ గాయకులు పడిగెల (బొమ్మల గుడ్డ పతాకాల) మీది బొమ్మలు చూపిస్తూ గానం చేస్తారు. ఆ పడిగె ఎప్పుడు విప్పాలి, ఎవరి ఎదుట విప్పాలి అన్నదానికి కట్టుబాట్లు ఉన్నాయి. పాటలో వచ్చే గుట్టలు, వాగులు ఈనాటి పటంలో ఎక్కడ ఉన్నాయో డ్రోన్ చిత్రంతో గుర్తించవచ్చు, అది నిజంగా గొప్ప పని అవుతుంది. కాని అడగకుండా మొదలుపెడితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

బయటపెట్టడంలో మరో ప్రమాదం ఉంది. గుప్తనిధుల కోసం పాత గుళ్లను, సమాధులను రాత్రికి రాత్రి తవ్వేసే ముఠాల వార్తలు ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. కాపలా లేని రాకాసి గుళ్ల కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టడమంటే ఆ ముఠాలకు దారి చూపించడమే. అందువల్ల ఊరి దగ్గర, వారసత్వ శాఖ దగ్గర, విశ్వవిద్యాలయం దగ్గర పూర్తి వివరాలున్న నకలు ఒకటి చొప్పున ఉంచి, బయటికి ఇచ్చే చిత్రాల్లో స్థానాన్ని మండలం పేరు వరకే చెప్పాలి. ఫొటోతో పాటే జీపీఎస్ వివరం దాగి ఉంటుందని, పంపేముందు దాన్ని తొలగించాలని నేర్పడం గంటసేపటి పాఠం. ఆ గంటను వదిలేయడానికి వీల్లేదు.

పని, కూలి

ఊరి మీద ప్రేమతో ఒక వేసవి పనిచేయించుకోవచ్చు, పదేళ్లు చేయించుకోలేము. ఈ నైపుణ్యంతో యువతకు జీవనోపాధి దొరికితేనే చరిత్ర పని కూడా నిలుస్తుంది. దారులు ఉన్నాయి. 2025లో భూమి హక్కుల రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక రాష్ట్రం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చింది. కేంద్ర పథకం కింద 15 వేల మహిళా సంఘాలకు పిచికారీ డ్రోన్లు అందించే లక్ష్యం పెట్టుకున్నారు, కాబట్టి డ్రోన్ నడిపే మహిళలు పల్లెల్లోనే తయారవుతున్నారు. చెరువు పూడిక లెక్క, కట్ట కోత కొలత, వరద నష్టం అంచనా వంటి పనులకు నీటిపారుదల శాఖ, గ్రామ పంచాయతీలు ఎలాగూ డబ్బు ఖర్చుపెడతాయి. ఆ పనిని చరిత్ర శిక్షణ పొందిన స్థానిక బృందానికి అప్పగిస్తే, పూడిక లెక్క కోసం మే నెలలో తీసిన అవే ఫొటోల నుంచి పాత తూము, మునిగిన గుడి పునాది, పాటిగడ్డ అంచు కూడా నమోదవుతాయి. అదనపు ఖర్చు పేర్లు రాసుకునే రెండు రోజులది మాత్రమే.

ఒప్పందం రాసేటప్పుడే మూడు మాటలు అందులో చేర్చాలి: నియంత్రణ బిందువులు శాశ్వతంగా ఉండేలా కట్ట మీద రాతిలో పాతాలి, ముడి ఫొటోలను తొలగించకుండా రెండు వేర్వేరు చోట్ల హార్డ్ డిస్కుల్లో ఉంచాలి, ఒక అచ్చు పటం పంచాయతీ కార్యాలయంలో గోడకు ఉండాలి. వచ్చే వానాకాలం ముందు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో మండలానికి ఒక చెరువు వరుస చొప్పున ఇలా మొదలుపెట్టడానికి కొత్త చట్టం గాని, కొత్త సంస్థ గాని అవసరం లేదు.